నిస్సీ పుట్టిల్లు

మీ ఇల్లు ఎక్కడ అని ఎవరైనా అడిగితే ఏసుమణి చేత్తో చూపిస్తుంది. ఇల్లు ఎప్పుడూ ఆమె కంటి ముందే ఉంటుంది మరి. నందికొట్కూరులో అడిగితే నందికొట్కూరులో, ఆళ్లగడ్డలో అడిగితే ఆళ్లగడ్డలో. ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన పసుపుపచ్చ వ్యాను అది. దాని నుదుటి మీద బడి పేరు ఎంత గీకినా పోలేదు. ఏ ఊరికి పోయినా పొద్దున్నే ఎవరో ఒక బుడ్డోడు సంచి తగిలించుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. ఆ వ్యానులో ఏసుమణి, ఆమె మొగుడు దాసన్న కాపురం ఉంటారు. నాలుగు రోజులు షికారు తిరిగి ఇంటికి చేరే రకం కాదు. వండుకునేది, తినేది, పడుకునేది, జ్వరమొస్తే మూలిగేది అన్నీ అందులోనే.

ఏసుమణి బొంతలు కుడుతుంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, దబ్బళంతో వరుస తప్పకుండా కుట్టి, పరుచుకుంటే మెత్తగా, కప్పుకుంటే వెచ్చగా ఉండేలా చేసి ఇస్తుంది. దుకాణాల్లో రంగురంగుల రగ్గులు వచ్చాక బొంతల పని అయిపోయిందనుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు మన ఆడవాళ్ళ సంగతి తెలియదు. చనిపోయిన అమ్మ చీరను కట్టుకోలేక, పారేయలేక, ఒకరికి ఇవ్వలేక పెట్టె అడుగున దాచుకునేవాళ్ళు ఉన్నన్నాళ్ళు తన దబ్బళానికి తుప్పు పట్టదని ఏసుమణి చెప్పుకుంటుంది. వినయం ఆమె దగ్గర కొంచెం తక్కువ. పని బాగా వచ్చినవాళ్ళకు అది ఎక్కువ ఉండనక్కర్లేదని నా అభిప్రాయం.

పెళ్ళయిన కొత్తలో ఆమె మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా నడిచేది. దాసన్న లారీ తోలేవాడు. నందికొట్కూరులో ఒక అద్దె గది ఉండేది గానీ ఏడాదిలో సగం పైగా దానికి తాళమే. అద్దె వీళ్ళు కట్టేవాళ్ళు, కాపురం ఎలుకలు చేసేవి. పని ఉన్న ఊళ్ళో చీకటి పడితే చర్చి వరండాలో పడక, పక్కన కూతురు నిస్సీ. ఆ పిల్ల హాస్టల్లో చేరిన ఏడు దాసన్న లారీ మానేసి, ఎవరి దొడ్లోనో మూలపడి ఉన్న ఈ వ్యానును పట్టుకొచ్చాడు. "గది మన యెంట రాదు, మనమే గదిని ఏసుకోని పోదాం" అన్నాడు. జన్మలో అతను అన్న తెలివైన మాట అదొక్కటేనని ఏసుమణి అందరితోనూ అంటుంది. ఆ ఒక్కటీ మాత్రం అందరికీ చెప్పకుండా వదలదు.

వ్యానులో కాపురమంటే హాయిగా తేలిపోవడమని ఫోన్లో వీడియోలు చూసే కుర్రకారు అనుకుంటారు. కడప జిల్లాలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం రేకు కింద కూర్చుంటే తెలుస్తుంది తేలడమో, వేగడమో. పొద్దు ఎటు తిరుగుతుందో చూసి, తలుపు ఉత్తరానికి వచ్చేలా బండి పెట్టాలి. పైన తడి బొంత పరవాలి. నేల వాలుగా ఉంటే చక్రాల కింద రాళ్ళు పెట్టి మట్టం చేయాలి, లేకపోతే తెల్లవారేసరికి ఇద్దరూ ఒక మూలకు చేరతారు, కూరగిన్నె ఇంకో మూలకు చేరుతుంది. పొయ్యి కదలకుండా దాని కింద కడప బండ ఒకటి బిగించాడు దాసన్న. కొత్త గిన్నె ఒకటి ఎక్కాలంటే పాత గిన్నె ఒకటి దిగాలి. అలిగి పక్క గదిలోకి పోదామంటే పక్క గది లేదు. అందుకని ఇద్దరికీ మాట పెరిగినప్పుడు దాసన్న దిగిపోయి చక్రాల్లో గాలి చూస్తాడు. ఇన్నేళ్ళలో ఆ బండికి గాలి తక్కువైంది ఎన్నడూ లేదు.

అన్నిటికీ మించిన కష్టం నీళ్ళు, మరుగు. మగవాడికి చెట్టు చాటైనా సరిపోతుంది. ఆడదాని గతి ఏమిటి? పెట్రోలు బంకులో బాత్రూముకు తాళం ఉంటుంది, తాళంచెవి ఉన్నవాడు ఎప్పుడూ అన్నానికి పోయి ఉంటాడు. ఇవన్నీ పడి పడి ఏసుమణి ఒక కట్టడి పెట్టుకుంది. ఏ ఇంట్లోనైనా దబ్బళం పట్టే ముందు నీళ్ళ మాట తేలాలి, కూలి మాట ఆ తర్వాతే. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు పొద్దున్నే ఆమెకు ఉడుకునీళ్ళు, వాళ్ళ బాత్రూము ఇవ్వాలి. ఆ తర్వాత ఎప్పుడు ఆ దారిన పోయినా అంతే, పని ఉన్నా లేకపోయినా. సరే అంటేనే మూట విప్పుతుంది. కొన్ని ఇళ్ళవాళ్ళు ఇంట్లో బాత్రూము చూపిస్తారు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఆమె పేరు విని, పశువుల కొట్టం వెనక తడిక చాటు చూపిస్తారు. ఏసుమణి రెంటికీ తల ఊపుతుంది, రెంటినీ గుర్తు పెట్టుకుంటుంది. లోపలికి పిలిచిన ఇళ్ళ బొంతలకు అంచు చుట్టూ ఇంకో వరుస కుట్టు పడుతుంది. ఎందుకు పడిందో ఆ ఇళ్ళవాళ్ళకు కూడా తెలియదు.

నిస్సీని ప్రొద్దుటూరు యేసుప్రసాద్‌కు ఇచ్చారు. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తాడు, నెమ్మదస్తుడు. నెమ్మదంతా అతనికే వచ్చింది, వాళ్ళమ్మ జీవమ్మకు మిగల్లేదు. ఆమె చర్చిలో ఆడవాళ్ళ కూటానికి పెద్ద. మిద్దె ఇల్లు, ముందు గచ్చు, ఆ గచ్చు మీద ఎవరు చెప్పులతో నడిచినా ఆమెకు లోపలినుంచే తెలిసిపోతుంది. పెళ్ళయిన రెండో ఏడు నిస్సీ నీళ్ళోసుకుంది. ఏడో నెల రాగానే ఏసుమణి పండ్లు, కొత్త చీర పట్టుకుని, ప్రార్థన పెట్టించి కూతుర్ని తీసుకుపోదామని వియ్యపురాలింటికి వెళ్ళింది. తొలికాన్పు పుట్టింట్లో జరగడం మన దేశంలో అందరి ఇళ్ళలో ఉన్నదే. ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి. అప్పుడు జీవమ్మ, వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ అడిగింది.

"ఒదినా, ఒక మాట అడుగుతా, తప్పు పట్టుకోవద్దు. పుట్టింటికి తీస్కపోతానంటాండావు, బాగుండాది. ఆ ఇల్లు యాడుండాది?"

ఏసుమణి అలవాటుగా గేటు బయట ఉన్న బండిని చూపించింది. ఆడవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు.

"అది బండి ఒదినా," అంది జీవమ్మ. "పచ్చి బాలింతను, పసిగుడ్డును బండ్లో ఎట్ల పెట్టుకుంటావు? ఈడనే కననీ. నువ్వే వచ్చి నాలుగు దినాలు ఉండి చూసుకోనిపో."

మాటలో విషం లేదు. ఉండి ఉంటే ఏసుమణి అక్కడే నాలుగు కడిగి వచ్చేది. మంచికే అన్న మాట కాబట్టి తిరిగి అనడానికి లేక, అది లోపలికంటా దిగింది. ఊరందరి అమ్మల చీరలూ ఒడిలో పెట్టుకుని కుట్టిన తను కన్నకూతురికి పుట్టిల్లు ఇవ్వలేని తల్లా? నిస్సీ వైపు చూసింది. ఆ పిల్ల తల వంచుకుని, "నాకు అమ్మ కాడికే పోవాలనుండాది అత్తా" అంది, వినీ వినపడనట్టు.

ఏసుమణి జీవమ్మ వైపు తిరిగింది. "ఒదినా, నువ్వొక దినం మా ఇంటికి రా. పండుకో, నీళ్ళు పోసుకో, తిను. అప్పుడు చెప్పు. నువ్వు చాలదంటే నేను మళ్ళీ నిస్సీని పంపమని అడగను."

జీవమ్మ తల ఊపింది. "వస్తా. నచ్చకపోతే నచ్చలేదనే చెప్తా మరి."

"నువ్వు చెప్పకుండా ఉంటావని ఎవురన్నారులే," అంది ఏసుమణి.

న్యాయంగా అయితే జీవమ్మను మైదుకూరు తీసుకుపోవాలి. అక్కడ కృష్ణవేణమ్మ అనే రైతు ఇల్లాలి దొడ్లో బండికి ఎన్నేళ్ళ నుంచో చోటుంది. బండికి కరెంటు వైరు లాగి ఇస్తుంది, ఇంట్లో బాత్రూము ఇస్తుంది. ఆసుపత్రి నడిచిపోయేంత దగ్గర. కాన్పుకు ఏసుమణి అనుకున్నదీ ఆ చోటే. కానీ గొప్ప ఒకసారి నెత్తికెక్కితే దిగే ముందు ఏదో ఒకటి పడగొట్టే దిగుతుంది.

"గండికోటకు పోనీప్పా," అంది మొగుడితో, జీవమ్మ వచ్చే రోజు పొద్దున.

"ఆడేముండాది మనకు? ఎప్పుడన్నా పండుకుంటిమా ఆడ?"

"పట్నమోళ్ళు కార్లేసుకోని వచ్చి గుడారాల్లో పండుకుంటాండారు. అట్లాంటి చోట బండి పెడితే ఒదిన నోరు తెరిచి చూడాల."

"నీళ్ళ మాటో?"

"డ్రమ్ము నిండా పెట్టుకోని పోదాం."

దాసన్న చక్రాల్లో గాలి చూడ్డానికి దిగిపోయాడు.

సాయంత్రానికి కోట దగ్గరికి చేరారు. నిజం చెప్పుకోవాలి, మొదటి గంట ఏసుమణిదే. కింద ఎర్రటి బండల నడుమ పెన్న, పైన ఆకాశం. ప్రొద్దుటూరులో పుట్టి పెరిగి కూడా జీవమ్మ ఎన్నడూ ఇక్కడికి రాలేదట. "ఇంత దగ్గరుండి రాకపోతిమి చూడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆ ఊపులోనే ఏసుమణి ఆమెను బండెక్కించి అన్నీ చూపించింది. కూర్చునే బల్లల కింద బియ్యం, బట్టలు. బడిపిల్లలు పట్టుకోవడానికి పైన వేసిన ఇనుప కమ్మీ. చీర కట్టి ఊపితే ఎంత బరువైన బిడ్డనైనా మోస్తుందని, కమ్మీ పట్టుకుని తనే వేలాడి చూపించింది. జీవమ్మ నవ్వింది కూడా.

పొద్దు కుంకే వేళకు పడమట గాలి లేచింది. ఎండాకాలం సాయంత్రం మన దగ్గర లేచే గాలి సంగతి చెప్పనక్కర్లేదు, అందులోనూ అది చెట్టు చేమ లేని బండ. కళ్ళ నిండా దుమ్ము. పొయ్యి వెలిగిస్తే ఆరిపోతోంది. అద్దాలు మూస్తే ఉక్క, తెరిస్తే మన్ను. నీళ్ళ డ్రమ్ము చూస్తే ఎగుడుదిగుడు దారిలో మూత జారి సగం ఒలికిపోయింది, ఉన్న సగంలో దుమ్ము తేలుతోంది. ఉడికీ ఉడకని సంగటి ముగ్గురూ తిన్నారు. గుడారాల వాళ్ళు సర్దుకుని కార్లలో వెళ్ళిపోయారు. బండి ఊగుతుంటే జీవమ్మ ఆ ఇనుప కమ్మీనే పట్టుకుని కూర్చుంది. కన్ను మూసిందో లేదో ఏసుమణి అడగలేదు.

తెల్లవారింది. అసలు కష్టం అప్పుడు వచ్చింది. సూర్యుడు పుట్టేది చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం దిగారు. ప్రతి బండ మీదా ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెంబు పట్టుకుని పోవడానికి ఆడదానికి ఒక్క బండ చాటు లేదు. అక్కడి బాత్రూములకు చూస్తే తాళం. జీవమ్మ అటూ ఇటూ నడిచి తిరిగొచ్చి బండి మెట్టు మీద కూర్చుంది.

"ఒదినా, నా కోడల్ని ఈడికి పంపమంటావా?" అంది. గట్టిగా కూడా అనలేదు.

ఏసుమణికి సిగ్గుతో ముఖం మండింది. ఇన్నేళ్ళలో తను పెట్టుకున్న కట్టడి ఒక్కటే ఒక్కటి, ఎక్కడైనా నీళ్ళ మాట ముందు తేలాలని. అది ఎవరి ముందు తప్పకూడదో వాళ్ళ ముందే తప్పింది.

"తప్పు బండిది కాదొదినా, నాది," అంది. "నీ కాడ గొప్పలకు పోతి. ఒక్క గడియ ఓర్చుకో, పోనిస్తాం."

కొండ దిగి కొంత దూరం పోయాక ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో భీమమ్మ ఇంటి ముందుకు బండి తిరిగింది. ముందుగా ఫోను చేసింది లేదు. బడి వ్యాను సందులోకి రావడం చూసి, పలకరించకుండానే భీమమ్మ లోపలికి పోయి నీళ్ళ పొయ్యి కింద కట్టెలు ఎగదోసి వచ్చింది. రాత్రి గండికోటలో ఉన్నామని తెలియగానే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం, నేను సచ్చిపోతినా? మా అవ్వ చీరల బొంత నా మంచం మీద ఉండంగా, నువ్వు పోయి బండల మీద పండుకుంటివా? ఊర్లో ఎవురన్నా వింటే నన్ను ఏమనుకుంటారు?"

అంత తిట్టూ తిట్టి, జీవమ్మ చేతికి తువ్వాలు ఇచ్చి, "నువ్వు పోమ్మా ముందు, లోపలుండాది బాత్రూము" అంది.

జీవమ్మ చాలాసేపు నీళ్ళు పోసుకుంది. బయటికి వచ్చాక మెల్లగా ఏసుమణిని అడిగింది. "ఈయమ్మకు నువ్వు ఏమయితావు?"

"ఏమీ కాను. బొంత కుట్టించింది."

"ఎప్పుడు?"

"నిస్సీ పెండ్లికి ముందర."

జీవమ్మ భీమమ్మ పెట్టిన జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి కడుపు నిండా తింది. ఆ తర్వాత దాసన్న వేపచెట్టు పక్కన తలుపు ఉత్తరానికి తిప్పి బండి పెట్టాడు, చక్రాల కింద రాళ్ళు సర్దాడు, పైన తడి బొంత పరిచాడు. "ఒక్క నిముసం నడుము వాలుస్తా" అని జీవమ్మ లోపలికి పోయింది. బయట మిరపకాయలు పగిలే ఎండ. పొద్దు వాలేదాకా ఆమె లేవలేదు. కిటికీలోంచి గురక వినపడుతుంటే దాసన్న పెళ్ళాం వైపు చూసి, "ఏమే, మీ ఒదిన తీర్పు చెప్తాంది, విను" అన్నాడు. ఏసుమణి నవ్వలేదు. ఆమెకు ఇంకా భయంగానే ఉంది.

ప్రొద్దుటూరికి తిరిగి వచ్చే దారిలో జీవమ్మ వరసగా అడుగుతూనే ఉంది. నొప్పులు ఎప్పుడొస్తాయో తెలియదు, ఆసుపత్రి ఎంత దూరం? ఫ్యానుకు కరెంటు? బిడ్డకు నీళ్ళు పోసేది ఎవరు? దోమలు? ఏసుమణి దేనికీ తడుముకోలేదు. మైదుకూరు, కృష్ణవేణమ్మ దొడ్డి, ఆమె ఇచ్చిన మాట, ఆసుపత్రి నర్సుకు తను కుట్టిన బొంత, అన్నీ చెప్పింది. ఈసారి ఒక్క మాట కూడా పెంచి చెప్పలేదు. ఇంటి గేటు ముందు బండి ఆగాక జీవమ్మ దిగకుండా కూర్చుంది.

"సరే ఒదినా. బండి బాగుండాది. నువ్వూ బాగా జరుపుకుంటాండావు. ఒక పని చేద్దాం. మా గచ్చు పక్కన చోటుండాది. బండి తెచ్చి ఆడ పెట్టు. నిస్సీ నీ బండ్లోనే ఉంటాది, నీళ్ళు మా ఇంట్లో పోసుకుంటాది. నీ మాటా నెగ్గుతాది, నా మాటా నెగ్గుతాది."

దాసన్న సంతోషంగా తల ఊపేశాడు. ఎవరైనా ఊపేవాళ్ళే. వియ్యపురాలు అంత దిగివచ్చి చెప్పినప్పుడు కాదనేవాళ్ళు ఉంటారా?

"వద్దొదినా," అంది ఏసుమణి.

జీవమ్మ కనుబొమలు పైకి లేచాయి.

"కోపం చేసుకోవద్దు. అత్తగారి గచ్చు మీద నిలబెడితే అది పుట్టిల్లు ఎట్లయితాది? ఆడపిల్ల గేటు దాటి పోవాల. మధ్యలో రెండూర్లన్నా రావాల. కోడలు ఎట్లుండాదో అని నువ్వు బస్సెక్కి చూసేకి రావాల, నేను నీకు చాప ఏసి అన్నం పెట్టాల. ఆ మర్యాద నాకూ కావాల ఒదినా. నీకు ఇష్టం లేకుంటే వద్దని చెప్పు. మాటిచ్చినా కదా, ఇంగ నేను అడగను."

జీవమ్మ దిగి, గేటు వేసుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఏసుమణి కుట్టిన కుట్లు ఆమె జీవితంలోకెల్లా వంకర కుట్లు. విప్పింది, మళ్ళీ కుట్టింది. "గచ్చు మీద పెట్టుకోనుంటే ఏం పోయేది?" అని దాసన్న ఒక్కసారి అన్నాడు. ఆమె చూసిన చూపుకు రెండోసారి అనలేదు. తప్పు చేశానేమో అని ఆమెకూ అనిపించింది. గొప్పకు పోయి గండికోటలో ఒకసారి పోగొట్టుకుంది, ఇప్పుడు కూతుర్నే పోగొట్టుకుంటోందేమో. కానీ ఎంత తిప్పి చూసుకున్నా ఈ రెండూ ఒకటి కాదనే తోచింది. అక్కడ తనకు లేనిది ఉన్నట్టు చూపించింది. ఇక్కడ ఉన్నదాన్ని ఉందని చెప్పింది, అంతే.

చివరికి నిస్సీ ఫోను చేసింది. "అమ్మా, అత్త రేపు మీ ఇద్దర్నీ బండేసుకోని రమ్మంటాంది."

"ఏమంటాదంట?"

"నాకు చెప్పలేదు."

మర్నాడు బండి గేటు ముందు ఆగేసరికి గచ్చు మీద రెండు సంచులు, ఒక బుట్ట, నిస్సీ దిండు కనిపించాయి. యేసుప్రసాద్ అవన్నీ తెచ్చి బల్ల కింద సర్దాడు. పోతూ పోతూ బండి ఫ్యాను విప్పి నూనె వేసి మళ్ళీ బిగించాడు. జీవమ్మ కోడలి తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసింది. ఏసుమణితో మాత్రం మంచీ చెడూ మాట్లాడలేదు. నిస్సీని చెయ్యి పట్టి మెట్టెక్కించి, కాళ్ళు చాపుకోమని చెప్పి దిగింది.

అప్పుడు పక్కింటి సుబ్బరత్నమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం జీవమ్మా, కోడల్ని వ్యానెక్కిస్తాండావు? ఆసుపత్రికా?"

"ఆసుపత్రికి ఎందుకు?" అంది జీవమ్మ, వీధి వీధంతా వినపడేలా. "తొలి కాన్పు కదా, పుట్టింటికి పోతాంది."

దాసన్న బండి కదిలించాడు. సందు మలుపు తిరిగేదాకా ఏసుమణి బిగపట్టుకుంది. తిరగగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, సంతోషం పట్టలేక గట్టిగా ఏడ్చేసింది. దాసన్న కంగారుపడి బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఆపొద్దు, పోనీ," అంది ఏసుమణి. "బిడ్డ ఎన్నాళ్ళకో ఇంటికొచ్చింది, నన్ను ఏడవనీ."